బండి పట్టా నుండి బాయిలరు వరకు

నిజామాబాదు నుండి బోధనుకు పోయే బాట చెరకు చరిత్రకు చిరపరిచితమైన బాట. మంజీరా నదిపై నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ఆధ్వర్యంలో 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆ ప్రాంతపు మెట్టలకు కాలువ నీరు తెచ్చినది. నీరు వచ్చిన తరువాత చెరకు విస్తరించినది. చెరకు వెంట 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఆసియా ఖండంలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని ఒకప్పుడు పేరు పొందిన ఆ సంస్థను ఆనుకొని శక్కర్‌నగర్ అనే నివాస ప్రాంతమే ఏర్పడినది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడినది. దానిని తిరిగి తెరిపించే మార్గాలను పరిశీలించుటకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం మంత్రుల ఉపసంఘాన్ని నియమించినది.

ఇట్టి చర్చలలో చెరకు ధర, అప్పులు, సాగు విస్తీర్ణం మొదలగు విషయాలు సహజంగానే ముందు నిలుస్తవి. వాటి సరసన, అంతగా వినబడని మరొక ప్రశ్న ఉన్నది. ఏండ్ల తరబడి చల్లబడి ఉన్న పాత్రలలోనికి మరల ఆవిరిని పంపవలసి వచ్చిన నాడు, ఆ పాత్ర గోడ ఎంత బలాన్ని ఓర్చగలదో ఎవరు చెప్పవలెను? ఏ లెక్కతో చెప్పవలెను? ఆ లెక్కకు దాదాపు రెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. దానిని శ్రోతలకు పరిచయం చేయుటయే ఈ ప్రసంగ ప్రయోజనం.

ఏ చక్కెర కర్మాగారంలోనికైనా ప్రవేశించి చూడండి. చెరకును పిండే రోలర్లు గుండ్రనివి. ఆవిరిని నిలిపే బాయిలరు పీపా గుండ్రనిది. రసాన్ని చిక్కబరచే ఎవాపరేటర్లు, పాకంలో గింజ కట్టించే వాక్యూం పాన్‌లు, మొలాసిస్ నుండి చక్కెరను విడదీసే సెంట్రిఫ్యూగల్ బుట్టలు, చివరకు పొగగొట్టం కూడ గుండ్రనివే. పీడనానికి ఎదురు నిలిచే ఆకారాలలో గుండ్రనిదానికి సాటి లేదు. పలకల పెట్టెలో పీడనం పెరిగితే పలకలు ఉబ్బి మూలలు చిట్లుతవి; గుండ్రని పాత్రలో బరువు చుట్టూ సమంగా పంచబడుతుంది. తయారు చేయుటకు అనువైన ఆ ఆకారం లెక్క వేయుటకు కూడ అనువైనది కావటం మానవుని అదృష్టం.

కుమ్మరి సారె ముందు కొంతసేపు నిలిచి చూచినవారికి ఇందులోని సగం రహస్యం బోధపడుతుంది. కుమ్మరి కుండ చుట్టూ తిరుగడు, సారెయే తిరుగుతుంది. ఆయన చేయి ఒకచోట నిలిచి, అడుగు నుండి మూతి వరకు ఒక వంపును దిద్దుతుంది. ఆ ఒక్క వంపే చుట్టూ తిరిగి కుండ అవుతుంది. కావున కుండ ఆకారాన్ని కాగితంపై తెలుపవలెనన్న, నడుమ నిట్టనిలువుగా ఒక గీత గీసి, దానికి ఒక ప్రక్కన ఆ వంపును గీస్తే చాలును. నడిమి గీతకు అక్షమని పేరు. ఆ గీత చుట్టూ ఎటు తిరిగి చూచినా వస్తువు ఒకే విధంగా కనబడుటకు అక్షీయ సౌష్ఠవమని పేరు. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతల వస్తువు ఇక్కడ రెండే కొలతలలో ఇమిడిపోయినది. అక్షం నుండి ఎంత దూరం, నేల నుండి ఎంత ఎత్తు అన్నవే ఆ రెండు.

మిగిలిన సగం రహస్యం బండి చక్రంలో ఉన్నది. చెక్క చక్రానికి ఇనుప పట్టా తొడుగునప్పుడు కమ్మరి పట్టాను చక్రం కంటె కొంచెం చిన్నదిగానే చేస్తాడు. దానిని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగిన పట్టాను చక్రానికి తొడిగి, నీళ్లు చల్లుతాడు. చల్లారిన పట్టా ముడుచుకొని చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. మీటరున్నర అడ్డుకొలత గల పట్టాను నాలుగు వందల డిగ్రీల మేర వేడి చేసితిమనుకొందాము. ఇనుము వ్యాకోచ గుణాన్ని బట్టి దాని అడ్డుకొలత సుమారు 7 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 22 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలలో ఎంత భాగాన్ని బిగింపుకు విడువవలెనో కమ్మరికి అనుభవం చెప్పినది. తక్కువైతే పట్టా ఊడుతుంది. ఎక్కువైతే తెగుతుంది, లేదా చెక్క నలుగుతుంది.

ఈ పట్టాలో ఒక విశేషమున్నది. గుండ్రని వలయం ప్రతి చోటా సమంగా వెలుపలికి జరిగినదంటే దాని చుట్టుకొలత పెరిగి తీరవలెను. చుట్టుకొలత పెరిగినదంటే లోహం చుట్టువాటున సాగినదన్న మాట. ఏ బిందువూ ప్రక్కకు కదలలేదు. అన్నీ తమ తమ గీతల వెంట వెలుపలికే కదిలినవి. ఐనను లోహం ప్రక్కలకు సాగినది. ఆ సాగుదలను ఇంజనీర్లు తేలికగా చెప్పగలరు: బిందువు వెలుపలికి జరిగిన దూరాన్ని అక్షం నుండి దానికి గల దూరంతో భాగిస్తే అదే చుట్టువాటు సాగుదల. కుండ కోతను కాగితంపై గీసినప్పుడు ఈ సాగుదల కంటికి కనబడదు. లెక్కలో మాత్రం దానిని మరువరాదు. గుండ్రని పాత్రలు పగులుటకు తరచు కారణమయ్యేది ఆ కనబడని లాగుడే.

బాయిలరు పీపాను దృష్టాంతంగా తీసికొందాము. 2 మీటర్ల అడ్డుకొలత, 2 సెంటీమీటర్ల మందపు గోడ, లోపల చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పీడనం. పీపాను నిలువునా రెండుగా చీల్చినట్లు ఊహించి, పీడనం తోసే బలాన్ని రెండు గోడల లోహం ఎట్లు ఆపుతున్నదో లెక్కిస్తే, చుట్టువాటు లాగుడు చదరపు సెంటీమీటరుకు 500 కిలోలు వస్తుంది. అదే పీపాను అడ్డంగా కోసినట్లు ఊహించి లెక్కిస్తే, నిడివి వెంట లాగుడు 250 కిలోలే. ఒకటి మరొకదానికి సరిగ్గా రెండింతలు. అందువలననే పేలిన పీపాలు తరచు నిడివి వెంట చీలుతవి. రివెట్లతో బాయిలర్లు కట్టిన కాలంలో నిడివి వెంట ఉన్న అతుకులకు ఎక్కువ వరుసల రివెట్లు వేసేవారు. ఇంటిలో వాడే ప్రెషర్ కుక్కరు గోడకు కూడ ఈ ధర్మమే వర్తిస్తుంది.

ఈ లెక్క చేయని చోట, చేసినా తనిఖీ లేని చోట, మూల్యం ప్రాణాలతో చెల్లింపబడినది. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు మరణించగా, మరుసటి సంవత్సరం బెంగాలులో బాయిలర్ల తనిఖీకి శాసనం వచ్చినది. తరువాత రాష్ట్రానికొక విధంగా ఉన్న నియమాలను ఏకం చేస్తూ 1923లో భారత బాయిలర్ల చట్టం, దాని కింద 1950లో వివరమైన నిబంధనలు ఏర్పడినవి. ఆ నిబంధనలలో గోడ మందానికి ఇచ్చిన సూత్రాలకు పునాది పైన చెప్పిన పీపా లెక్కయే. 2025లో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేసినది.

గోడ పలుచనైనప్పుడు ఈ లెక్క సరిపోతుంది. గోడ మందమైనప్పుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఫ్రెంచి గణితవేత్త గాబ్రియేల్ లామే నుండి వచ్చినది. ఆయన, ఆయన మిత్రుడు క్లాపేరాన్ రష్యాలో ఇంజనీర్లకు బోధిస్తున్న రోజులలో ఘనపదార్థాల అంతర్గత సమతాస్థితిని గూర్చి ఒక గ్రంథం వ్రాశారు. అది 1833లో ప్రచురింపబడినది. మందపు గొట్టం గోడలో ప్రతిబలం ఒకే విధంగా ఉండదనీ, లోపలి అంచున అత్యధికంగా ఉండి వెలుపలికి పోను పోను తగ్గుతుందనీ అందులో నిరూపింపబడినది. ప్రతిబలమనగా లోహంలో ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మోసే బలం.

లోపలి వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, వెలుపలి వ్యాసార్థం 20 సెంటీమీటర్లు గల గొట్టాన్ని తీసికొనండి. పలుచని గోడకు వాడే సూత్రం ప్రకారం చుట్టువాటు ప్రతిబలం పీడనంతో సమానం. లామే సూత్రం ప్రకారం లోపలి అంచున అది పీడనానికి 1.67 రెట్లు, వెలుపలి అంచున 0.67 రెట్లు. సగటు సరిగానే ఉన్నది; కాని పగులు సగటును చూచి రాదు, ఎక్కువ లాగుడు ఉన్న చోట వస్తుంది. మరొక ఆశ్చర్యకరమైన సంగతి కూడ ఆ సూత్రం చెప్పినది. గోడను ఎంత మందం చేసినా లోపలి అంచున ప్రతిబలం పీడనం కంటె తగ్గదు. ఉక్కు పోగుచేసినంత మాత్రాన భద్రత రాదు.

దీనికి విరుగుడు ఏది? మన కమ్మరి పట్టాయే. లోపలి గొట్టం మీద వేడి చేసిన మరొక గొట్టాన్ని తొడిగి చల్లార్చితే, అది ముడుచుకొని లోపలి దానిని ముందే నొక్కి ఉంచుతుంది. తరువాత పీడనం వచ్చినప్పుడు, ఆ నొక్కుడు తీరిన పిమ్మట గాని లోపలి అంచు సాగుట ప్రారంభించదు. 19వ శతాబ్దపు ఫిరంగులను ఈ విధంగానే కట్టారు. చెరకు మిల్లులోని రోలరు విషయంలో కూడ ఇదే పని జరుగుతుంది. ఉక్కు ఇరుసు మీద పోత ఇనుపు తొడుగును వేడి చేసి ఎక్కించి చల్లార్చుతారు. బిగింపు చాలకపోతే ఇరుసు తిరిగినా తొడుగు జారుతుంది. బిగింపు మించితే, లాగుడును ఓర్చలేని పోత ఇనుము చెరకు ముట్టక ముందే చిట్లుతుంది. కమ్మరి అనుభవంతో చేసిన నిర్ణయాన్నే ఇంజనీరు లామే సూత్రంతో చేస్తాడు.

ఇక్కడ నిజాంసాగరును ఒకసారి మరల తలచుకొనుట అవసరం. పొడవైన ఆనకట్ట బలాన్ని పరీక్షించుటకు కూడ ఇంజనీర్లు ఒక కోతనే తీసికొంటారు. ఒక మీటరు పొడవు గల ముక్కను వేరుగా ఊహించి, దానిపై నీటి ఒత్తిడి ఎంత, దాని బరువు ఎంత, అది దొర్లునా, జారునా అని చూస్తారు. పొడవు వెంట ప్రతి ముక్కా ప్రక్క ముక్క వంటిదే కావున ఒకదాని లెక్క అన్నిటికీ చాలును. పైకి చూచుటకు ఆనకట్ట కోత, బాయిలరు కోత ఒకే జాతివి. కాని వాటికి ముఖ్యమైన భేదమున్నది. ఆనకట్ట ముక్క తన బరువుతో తాను నిలువవలెను. ప్రక్క ముక్కల సాయాన్ని లెక్కలో పెట్టరు. బాయిలరు ముక్క నిలిచేదే ప్రక్క ముక్కల చేతులు పట్టుకొని. కోలాటపు వలయంలో ఒకరి చేయి జారితే అందరూ వెనుకకు తూలినట్లు, చుట్టువాటు లాగుడు లేకపోతే పీపా లేదు. ఈ భేదాన్ని మరచి గుండ్రని పాత్ర కోతను ఆనకట్ట కోత వలె లెక్కిస్తే, సంఖ్యలు వస్తవి గాని అవి ఆ పాత్రవి కావు.

లామే సూత్రం నిడివైన తిన్నని గొట్టానికి చక్కగా పనిచేసినది. కాని నిజమైన పాత్రకు పైన గుమ్మటం, కింద గరాటు, నడుమ అంచులు, మందం మారే చోట్లు ఉంటవి. గుమ్మటం పీపాతో కలిసే వంపు దగ్గర రెండూ రెండు విధాలుగా ఉబ్బజూస్తవి. ఆ సంధిలో వంపు బలాలు పుడతవి. అటువంటి చోట్లకు ఒక్క గీతలో ఇమిడే సూత్రం దొరకదు. శతాబ్దానికి పైగా ఇంజనీర్లు సమీప సూత్రాలతో, ప్రయోగాలతో, పెద్ద భద్రతా గుణకాలతో పని గడుపుకొన్నారు.

మార్గం 1950 తరువాత, కంప్యూటరుతో తెరుచుకొన్నది. విమాన నిర్మాణంలో పనిచేస్తున్న టర్నరు, విశ్వవిద్యాలయాచార్యుడు రే క్లఫ్ మొదలగువారు 1956లో ఒక పద్ధతిని ప్రకటించారు. పెద్ద వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు సులభమైన సమీకరణాలు వ్రాసి, ముక్కలు కలిసే బిందువుల వద్ద వాటిని జోడించుట ఆ పద్ధతి సారం. 1960లో క్లఫ్ దానికి పెట్టిన పేరును తెలుగులో పరిమిత మూలక పద్ధతి అనవచ్చును. మన ఇండ్లలో ముగ్గు వేయునప్పుడు ముందు చుక్కలు పెట్టి, తరువాత గీతలతో కలుపుతారు. ఇంజనీరు కూడ చుక్కలు పెట్టి, ప్రతి చుక్క ఎంత కదులునో కనుగొని, దాని నుండి ప్రతిబలాలను రాబడతాడు.

ఐతే చుక్కల సంఖ్య పెద్ద చిక్కు తెచ్చినది. పాత్ర కోతలో 1,000 చుక్కలు పెట్టి, అట్టి కోతలను చుట్టూ 100 చోట్ల నిలిపితే మొత్తం 1,00,000 చుక్కలు. ఒక్కొక్క చుక్క మూడు దిక్కులకు కదలగలదు కావున 3,00,000 తెలియని సంఖ్యలు. ఆ కాలపు పెద్ద యంత్రాలలో ఒకటైన ఐబీఎం 7090 ముఖ్య స్మృతిలో 32,768 సంఖ్యలకే చోటు. సమాధానాలను వ్రాసికొనుటకే చోటు చాలని యంత్రం సమీకరణాలను ఎక్కడ ఉంచుకొనగలదు?

కుమ్మరి వంపు ఇంజనీర్లను ఒడ్డున చేర్చినది. పాత్ర గుండ్రనిదైనప్పుడు, దానిపై బరువు చుట్టూ సమమైనప్పుడు, నూరు కోతలూ ఒకటే. ఒక్క కోతను లెక్కిస్తే చాలును. అందులో చుక్క ప్రక్కకు కదలదు. వెలుపలికీ పైకీ మాత్రమే కదులుతుంది. 1,000 చుక్కలకు 2,000 తెలియని సంఖ్యలు. అనగా 3,00,000 స్థానంలో 2,000. నూటయాభై వంతులలో ఒక వంతు. కోతలోని ప్రతి చిన్న త్రికోణం నిజానికి త్రికోణం కాదు. అక్షం చుట్టూ తిరిగి వచ్చిన గాజు వంటి వలయం. ఆ వలయం సాగుదలను, అనగా మనం బండి పట్టాలో చూచిన లాగుడును, సమీకరణాలలో చేర్చుటతో పద్ధతి పూర్తియైనది. 1965లో క్లఫ్, రషీద్ ఒక పత్రంలోను, ఎడ్వర్డ్ విల్సన్ మరొక పత్రంలోను గుండ్రని ఘనవస్తువులకు ఈ పద్ధతిని ప్రకటించారు. విల్సన్ ఆ కాలంలో రాకెట్ల సంస్థలో పనిచేశారు. రాకెట్టు గొట్టాలకు, అణు రియాక్టరు పాత్రలకు అప్పుడు ఈ లెక్క అత్యవసరమై ఉండినది.

ఈ విద్యను ప్రపంచానికి బోధించినవారిలో తెలుగువారు ఉండుట మనకు సంతోషదాయకం. వరంగల్లు ప్రాంతంలో జన్మించి, 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగు పట్టా పొందిన ఆచార్య జె. ఎన్. రెడ్డి అమెరికాలో ఆచార్యులై, 1984లో పరిమిత మూలక పద్ధతిపై ప్రకటించిన గ్రంథం దేశదేశాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైనది. వరంగల్లు రీజినల్ ఇంజనీరింగు కళాశాలలో చదివిన తిరుపతి చంద్రుపట్ల, అశోక్ బెళగుందుతో కలిసి 1991లో ప్రకటించిన పాఠ్యగ్రంథంలో అక్షీయ సౌష్ఠవం గల వస్తువులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి ఉన్న సీమ నుండి పోయినవారు ఆ రెంటి గణితాన్ని లోకానికి నేర్పారన్న మాట.

ఇంతవరకు చెప్పినది ఈ ఉపాయం చేసిన మేలు. దాని హద్దులను చెప్పకపోతే ప్రసంగం అసంపూర్ణమే కాదు, ప్రమాదకరం కూడ. సౌష్ఠవం వస్తువులో ఉంటే చాలదు. ఆకారం, బరువు, ఆధారం, లోహం అనే నాలుగూ గుండ్రంగా ఉండవలెను.

రోలరు గుండ్రనిదే. దాని తొడుగు బిగింపును ఒక్క కోతతో లెక్కించవచ్చును. కాని చెరకు నలుగునప్పుడు బరువు రోలరుకు ఒక ప్రక్కననే పడుతుంది. ఇరుసు వంగుతుంది. రోలరు తిరుగుతున్నది కావున లోహంలోని ప్రతి బిందువూ ఒకసారి లాగబడి, ఒకసారి నొక్కబడి, సీజను పొడవునా అలసిపోతుంది. ఈ వంపును ఒక్క కోత చూడలేదు. ఇట్టి సందర్భాలకు ఒక మధ్యేమార్గమున్నది. చుట్టూ మారే బరువును కొన్ని క్రమబద్ధమైన అలలుగా విడదీసి, ఒక్కొక్క అలకు ఒక్కొక్క కోత లెక్క చేసి, చివరకు అన్నిటినీ కలుపుతారు. ఆకారం గుండ్రనిదైనంత వరకు ఆ మార్గం సాగుతుంది.

సెంట్రిఫ్యూగల్ బుట్ట విషయం చూడండి. 1.2 మీటర్ల అడ్డుకొలత గల బుట్ట నిమిషానికి 1,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 226 కిలోమీటర్లు. ఉక్కు గోడలో తన తిరుగుడు వలననే చదరపు సెంటీమీటరుకు 300 కిలోలకు మించిన చుట్టువాటు లాగుడు పుడుతుంది. పాకం ముద్ద గోడకు సమంగా పరచుకొన్నంత కాలం బరువు గుండ్రనిదే. ఒక ప్రక్క ఎక్కువగా పడితే బుట్ట ఊగుతుంది. కాగితం మీది కోతకు ఆ ఊపు తెలియదు. బాయిలరులో మనిషి దూరే రంధ్రం కూడ అట్టిదే. పీపా పక్కన దానిని కోసిన క్షణం నుండి ఆ చోట సౌష్ఠవం లేదు. లాగుడు రంధ్రం అంచుల చుట్టూ గుమిగూడుతుంది. దానికి బలపు పలక, వేరొక లెక్క కావలెను.

అన్నిటికంటె మోసకరమైనది వాక్యూం పాన్. 1813లో ఎడ్వర్డ్ హోవర్డ్ ఇంగ్లాండులో పేటెంటు పొందిన ఈ పాత్ర లోపలి గాలిని తీసివేసి, పాకాన్ని తక్కువ వేడితోనే మరిగిస్తుంది. చక్కెర మాడదు, గింజ తెల్లగా వస్తుంది. 1843లో నార్బర్ట్ రిల్లియూ అమెరికాలో ఒక పాత్రలో పుట్టిన ఆవిరితో మరొక పాత్రను మరిగించే వరుసకు పేటెంటు పొంది, ఇంధనాన్ని ఎంతో ఆదా చేసినాడు. ఆ వరుసలో కూడ తక్కువ పీడనంతో మరిగే పాత్రలుంటవి. లోపల గాలి లేనప్పుడు వెలుపలి వాతావరణం గోడపై చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. ఆకారం గుండ్రనిది, నొక్కుడు కూడ చుట్టూ సమానమే. సౌష్ఠవానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండునా అనిపిస్తుంది.

కాని అట్టి పాత్ర కూలినప్పుడు గుండ్రంగా కూలదు. ఒక ప్రక్క లోనికి సొట్టబడి, మరొక ప్రక్క వెలుపలికి పొడుచుకొని వచ్చి, నలిగిన రేకు డబ్బా వలె మడతలు పడుతుంది. స్కాట్లాండుకు చెందిన ఇంజనీరు విలియం ఫెయిర్‌బెర్న్ బాయిలర్ల లోపలి పొగ గొట్టాలు ఇట్లు కూలుటను చూచి, గొట్టాలను వెలుపలి నుండి నొక్కి ప్రయోగాలు చేసి, 1858లో ఫలితాలను ప్రకటించినాడు. గొట్టం పొడవు పెరిగిన కొలది దాని ఓర్పు తగ్గునని ఆయన కనుగొన్నాడు. నడుమ నడుమ గట్టి వలయాలు బిగిస్తే ఓర్పు పెరుగునన్నది దాని నుండి తేలిన సంగతి. వాక్యూం పాత్రల వెలుపల కనబడే పట్టీల ఉపయోగం ఇదే. ఒక్క కోతను చూచే లెక్కలో చుక్కలకు ప్రక్కకు కదిలే స్వేచ్ఛయే లేదు. ఆ స్వేచ్ఛ లేని చోట మడత కనబడదు. లెక్క క్షేమమని చెప్పును. పాత్ర మాత్రం కూలిపోవచ్చును. కావున ఇట్టి పాత్రలకు మడతల పరీక్షను విడిగా చేయవలెను.

ఇప్పుడు మనం మొదట వేసికొన్న ప్రశ్నకు రావచ్చును. మూతపడిన ఏ కర్మాగారంలోనైనా పాత్రల పటాలు భద్రంగా ఉండవచ్చును. ఆ పటాల మీద పాత్ర నేటికీ గుండ్రనిదే. గోడ చుట్టూ ఒకే మందం. ఆ కోతను కంప్యూటరుకు ఇస్తే కొన్ని క్షణాలలో ప్రతిబలాలు రంగురంగుల పటంగా వస్తవి. కాని తుప్పుకు సౌష్ఠవం తెలియదు. నీరు నిలిచిన అడుగున ఒక విధంగా, వాన కారిన ప్రక్క మరొక విధంగా, వేడి తగ్గకుండ చుట్టిన పూత కింద తేమ చిక్కిన చోట ఇంకొక విధంగా అది లోహాన్ని తింటుంది. 20 మిల్లీమీటర్ల గోడ ఒకచోట 12 మిల్లీమీటర్లైనచో, ఆ పాత్ర కుమ్మరి వంపు నుండి పుట్టినదే ఐనా కుమ్మరి వంపు కాదు. పాత పటంతో చేసిన లెక్క ఒక లేని పాత్రను గూర్చిన లెక్క అవుతుంది.

అందుకే తనిఖీ అధికారి గోడను చుట్టూ, పైనుండి కిందికి, ధ్వని తరంగాల పరికరంతో కొలుస్తాడు. అతుకులను, రంధ్రాల అంచులను వెదకి చూస్తాడు. తరువాత పాత్రను నీటితో నింపి, పని పీడనం కంటె ఎక్కువ పీడనంతో పరీక్షిస్తాడు. నీటినే వాడుటకు కారణమున్నది. ఆవిరి నొక్కబడి ఎంతో శక్తిని దాచుకొంటుంది; గోడ పగిలితే ఆ శక్తి పేలుడు అవుతుంది. నీరు అంతగా నొక్కబడదు. గోడ పగిలినా చాలవరకు కారిపోయి ఊరుకుంటుంది. కొలతలలో గోడ చుట్టూ సమంగా ఉన్నదని తేలితే ఒక్క కోత లెక్క ఎంతో మేలు చేస్తుంది. సమంగా లేదని తేలితే ఆ చోటును పూర్తి మూడు కొలతలలో లెక్కించుటయో, పలకను మార్చుటయో, పాత్రనే విడుచుటయో జరుగవలెను. నేటి కంప్యూటర్లకు మూడు లక్షల తెలియని సంఖ్యలు బరువు కాదు. ఐనను అనుభవజ్ఞుడైన ఇంజనీరు మొదట ఒక్క కోత లెక్కనే వేసికొంటాడు. పెద్ద లెక్కలో దొర్లిన తప్పును పట్టించుటకు చిన్న లెక్కయే తోడు.

చెరకు సీజనులో బాయిలరు పక్కన రాత్రి షిఫ్టు నిలిచే మనిషికి ఈ సూత్రాలతో పని ఉండకపోవచ్చును. ఆయనకు కావలసినది తన ఎదుటి గోడను ఎవరో ఒకరు కాగితంపై గీసి, మరల వచ్చి చేతితో కొలిచి, రెండూ ఒకటేనని సరిచూచినారన్న నమ్మకం. కమ్మరి పట్టా తొడుగుటకు ముందు చక్రం చుట్టూ ఒకసారి కొలతచక్రాన్ని దొర్లించి చూచుకొనేవాడు. చక్రం గుండ్రంగా ఉన్నదో లేదో తేల్చుకొనిన తరువాతనే కొలిమి రాజేసేవాడు. బోధనులో గాని, మరెక్కడ గాని, చల్లారిన పాత్రలో మరల ఆవిరి నింపదలచినవారు మొదట చేయవలసిన పని కూడ అదే.